కార్నెగీ - కొలువు నేర్పిన లెక్క

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో గ్రంథాలయములకు ఉపకారము చేసిన మహనీయుల చరిత్రలు కొన్ని యుండవలెనని కార్యవర్గమువారు నిశ్చయించిరి. ఆంధ్రదేశమున ఊరూర గ్రంథాలయములు వెలయుటకు శ్రమించిన పెద్దలను గూర్చి తక్కిన రచయితలు వ్రాయుచున్నారు. నాకు మిగిలినది పరదేశము. అందుచేత ప్రపంచమున 2509 గ్రంథాలయ భవనములకు ధనమిచ్చిన ఆండ్రూ కార్నెగీని ఎన్నుకొంటిని. ఆయన దానములను గూర్చి చదువరులు వినియే యుందురు. ఆ దానములకు మూలమైన ధనము ఎట్లు వచ్చినది, దాని నార్జించిన నేర్పు ఆయనకు ఎక్కడ అబ్బినది అను విషయము మాత్రము ఇట్టి వ్యాసములలో సాధారణముగా కానరాదు. ఉక్కు వలన వచ్చినదని ఒక్క మాటతో తేల్చివేయుదురు. ఊరి లెక్కలు వ్రాయుచు ఏండ్లు గడపిన నాబోటివానికి ఆ సమాధానము చాలదు. ఉక్కు చేయువారు ఆనాడు అమెరికాలో పలువురుండిరి. కార్నెగీకి ఉక్కు కరగించు విద్య రానే రాదు. ఆయన ఎరిగినది రైలు కచేరీ పని. ఒక యజమాని కొలువులో 12 ఏండ్లు నేర్చిన పద్ధతులను, మంచివానితోపాటు చెడ్డవానిని కూడ, తన సొంత వ్యాపారములోనికి మోసికొనిపోయిన మనుష్యుని కథ యిది.

కార్నెగీ 1835 నవంబరు 25వ తేదీన స్కాట్లండులోని డన్ఫర్మ్‌లిన్ పట్టణమున జన్మించెను. తండ్రి విలియం చేనేత పనివాడు. తల్లి మార్గరెట్ గుండెదిటవు గల యిల్లాలు. ఆవిరి మగ్గములు వచ్చుటతో ఆ ఊరి చేతిమగ్గములు మూలబడెను. చీరాల, మంగళగిరి, పోచంపల్లి ప్రాంతములవారికి ఈ కష్టము విప్పి చెప్పనక్కరలేదు. ఆ తండ్రి పేదవాడే కాని పుస్తకప్రియుడు. తోటి నేతగాండ్రతో కలిసి, తమకున్న కొద్ది పుస్తకములను ఒకచోట చేర్చి, ఇరుగుపొరుగువారికి ఎరువిచ్చు ఏర్పాటు చేసెను. తిండికి జరుగుట కష్టమైనప్పుడు, 1848లో, 20 పౌండ్లు ఋణము తెచ్చి, ఆ కుటుంబము ఓడయెక్కి అమెరికా చేరెను. పెన్సిల్వేనియా రాష్ట్రములో పిట్స్‌బర్గు నగరమునకు ఏటి కావలనున్న అల్లెఘెనీ పట్టణమున కాపురము పెట్టిరి.

పదమూడేండ్ల బాలుడు ప్రత్తి మిల్లులో కండెలు మార్చు పనికి కుదిరెను. చీకటితో పోయి చీకటితో వచ్చుట; వారమునకు కూలి 1 డాలరు 20 సెంట్లు. పిమ్మట వేరొక కార్ఖానాలో ఆవిరి బాన క్రింద మంట వేయు పని దొరకెను. బాన పగులునేమో యను భయముతో రాత్రులు ఉలికిపడి లేచి కూర్చుండెడివాడట. ఆ యజమానికి గుమాస్తా లేడు. ఒకనాడు బిల్లులు వ్రాయవలసివచ్చి ఈ బాలుని పిలువగా, దస్తూరి గుండ్రముగ నున్నది, కూడికలు తప్పులేక వచ్చినవి. అదే కచేరీ పనికి మొదటి మెట్టు. పెద్ద వర్తకులు జమాఖర్చులను ఒంటిపద్దుగా గాక జంటపద్దుగా వ్రాయుదురని విని, ఇద్దరు ముగ్గురు మిత్రులతో కలిసి, చలికాలపు రాత్రులలో పిట్స్‌బర్గునకు నడచిపోయి ఆ విద్య నేర్చుకొనెను. పగలంతయు పన్నెండు గంటలు పనిచేసి రాత్రి చిట్టా ఆవర్జాలు నేర్చుకొను కుఱ్ఱవానిని తలచుకొన్నప్పుడెల్ల నాకు ముచ్చట కలుగును. కోటీశ్వరులలో లెక్క వ్రాయుట చేతనైనవారు తక్కువ. వ్రాసినవానిని తిట్టుట చేతనైనవారు ఎక్కువ.

1849 ప్రాంతమున తంతి కచేరీలో వార్తలు చేరవేయు బాలుడుగా చేరెను. వారమునకు రెండున్నర డాలర్లు. నగరమందలి వీధులను, వ్యాపారులను, వారి ముఖములను కంఠస్థము చేసెను. తెల్లవారకమునుపే కచేరీకి పోయి తంతి యంత్రము మీద సాధన చేసి, కాగితపు చుట్టపై పడు గీతలు చూడకయే చెవితో విని వార్తను గ్రహించుట నేర్చెను. అప్పటికి అట్టివారు అరుదు. ఏ సరకు ఎవరు ఎవరికి పంపుచున్నారో, ఏ వెలకు అమ్ముచున్నారో, ఎవరి పరపతి యెంతయో ఆ తంతులన్నియు అతని చెవులలో పడుచుండెను.

మన సంచికకు ముఖ్యమైన సంగతి ఈ కాలముననే జరిగినది. ఆ పట్టణమున కల్నల్ జేమ్స్ ఆండర్సన్ అను పెద్దమనిషి తన యింట నున్న సుమారు 400 గ్రంథములను పనిచేసికొని బ్రతుకు బాలురకు ప్రతి శనివారము ఉచితముగా ఎరువిచ్చుచుండెను. కార్నెగీకి చరిత్రయు, సాహిత్యమును ఆ బీరువాలలో దొరకినవి. కొంతకాలమునకు ఆ గ్రంథాలయము పెద్దదై, కార్యకర్తలు మారి, చేతిపని నేర్చు శిష్యులకు మాత్రమే ఉచితమనియు, తక్కినవారు ఏడాదికి 2 డాలర్లు చెల్లించవలెననియు నిబంధన పెట్టిరి. తంతిబాలుడు శిష్యుల లెక్కలోనికి రాడు. 1853లో అతడు స్థానిక పత్రికలో లేఖ ప్రకటించి, దాతగారి ఉద్దేశము అది కాదని వాదించి, నిబంధన రద్దగు వరకు విడువలేదు. రుసుము కట్టజాలని ఒక కుఱ్ఱవాని మొండిపట్టే తరువాతి రెండువేల అయిదువందల గ్రంథాలయములకు బీజమైనది.

ఆ 1853వ సంవత్సరమే పెన్సిల్వేనియా రైల్వే కంపెనీ అధికారి థామస్ స్కాట్ ఈ యువకుని చురుకుతనము చూచి, నెలకు 35 డాలర్ల జీతముపై తన సొంత గుమాస్తాగా, తంతి పనివానిగా నియమించెను. కార్నెగీ జీవితమునకు గురుకులము ఇదియే. కంపెనీ అధ్యక్షుడు ఎడ్గార్ థామ్సన్ మితభాషి, స్వయముగా ఇంజనీరు. స్కాట్ చొరవగలవాడు, ధీరుడు, పనిలో ఎవరిని లెక్కచేయనివాడు. ఒకరి నిదానము, ఒకరి సాహసము కలిసి ఆ కంపెనీని అమెరికాలోని మిక్కిలి పెద్ద సంస్థలలో ఒకటిగా నిలిపినవి.

రైల్వే పద్ధతి యేమో ఇచట కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. మన ఊళ్లలో ధాన్యపు వర్తకుడు ఏడాది పొడవునను కొని, అమ్మి, సంవత్సరాంతమున లెక్క చూచుకొని, మిగిలినదో పోయినదో తెలిసికొనును. ఏ బస్తాలో మిగిలినది, ఏ బండి కూలిలో పోయినది అతడు చెప్పలేడు. ఆనాటి ఇనుప కార్ఖానాల స్థితియు ఇంతే. రైల్వేకు అది చెల్లదు. వందలకొలది మైళ్ల మీద వేలకొలది మనుష్యులు పనిచేయుచుందురు. యజమాని అందరిని కన్నులతో చూడజాలడు. కాబట్టి కాగితముతో చూచును. ప్రతి బండి మోసిన బరువెంత, కాల్చిన బొగ్గెంత, పోసిన నూనె ఎంత, పట్టాల మరమ్మతునకు ఎంత యని దినదినమును కచేరీకి వివరములు వచ్చును. ఒక టన్ను సరకును ఒక మైలు దూరము మోయుటకు ఎన్ని సెంట్ల ఖర్చు పడుచున్నదో అందుండి తేల్చుదురు. ఆ యొక్క సంఖ్య తెలిసినవాడు ఏ కూలికి సరకు ఒప్పుకొనవచ్చునో, ఎక్కడ ధనము కారిపోవుచున్నదో కూర్చున్న చోటినుండి చెప్పగలడు. పట్టాలు వేసిన ఖర్చు ఎట్లును పడియే యున్నది గనుక, బండ్లు ఖాళీగా తిరుగుట కంటె తక్కువ కూలికైనను నిండుగా తిరుగుట మేలను నీతియు రైలువారిదే. ఈ రెండు సూత్రములను కార్నెగీ మరువలేదు. ఆయన తరువాత చేసినదంతయు వానికి వ్యాఖ్యానమని నా అభిప్రాయము.

స్కాట్ నేర్పినది లెక్క యొక్కటే కాదు. 1856లో ఆడమ్స్ ఎక్స్‌ప్రెస్ అను సరకు రవాణా కంపెనీ వాటాలు పది అమ్మకమునకు వచ్చినవని చెప్పి శిష్యునిచే కొనిపించెను. చేత డబ్బు లేదు; అప్పు చేసియే కొనెను. నెల తిరుగునప్పటికి 10 డాలర్ల లాభపు కాగితము కవరులో వచ్చెను. చెమటయోడ్చక వచ్చిన మొదటి ధనమది. పడక బండ్లు చేయు కంపెనీలో కొంత వాటా తరువాత వచ్చినది. రైల్వేతో వ్యాపారము చేయు కంపెనీలలో రైల్వే అధికారులే చాటుగా వాటాలు పుచ్చుకొనుట ఆనాటి ఆచారము. ఈనాడైన దానిని లంచమందురు. గురువులు చేయుచుండగా శిష్యుడు చూచెను, శిష్యుడును చేసెను.

ఇంకొక పాఠము మరింత చేదైనది. ఒకమారు రైలు కార్ఖానా పనివారు సమ్మెకట్టుటకు రహస్యముగా చేవ్రాళ్లు చేయుచుండిరి. లోగడ కార్నెగీ సహాయము పొందిన కమ్మరి యొకడు కృతజ్ఞతతో ఆ పేళ్లన్నియు అతనికి చెప్పెను. పట్టిక స్కాట్ బల్లమీదికి చేరెను. పేళ్లున్నవారికి ఉద్వాసన చెప్పుచు మరునాటికి ప్రకటన వెలువడెను. సమ్మె మొలకలోనే చచ్చెను. వార్ధక్యమున స్వీయచరిత్ర వ్రాసికొన్నప్పుడు కార్నెగీ ఈ సంగతిని ఉపకారమునకు ప్రత్యుపకారము దొరకిన కథగా చెప్పుకొనెను. ఉద్యోగములు పోయినవారి కుటుంబములు ఆయన తలపునకు వచ్చినట్లు కానరాదు. చదువరులు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను.

1859లో స్కాట్‌కు పై పదవి రాగా, పిట్స్‌బర్గు విభాగపు అధికారము 24 ఏండ్ల కార్నెగీకి దక్కెను. ఏడాదికి 1500 డాలర్లు. అంతర్యుద్ధము వచ్చినప్పుడు స్కాట్ వెంట వాషింగ్టన్ పోయి, రైలుదారులను, తంతులను చక్కబెట్టెను. రైలుదారి మీది కొయ్యవంతెనలు తరచుగా కాలిపోయి బండ్లు నిలిచిపోవుట ఆయన ఎరిగినదే. ఇకమీదట వంతెనలు ఇనుముతోనే కట్టవలసియుండుననియు, వానిని కొనువారు రైల్వేవారే యనియు గ్రహించి, రైల్వేలోని వంతెన పనివారిని కూర్చుకొని కీస్టోన్ వంతెనల కంపెనీని నడిపెను. 1865 మార్చిలో కొలువు వదలెను. వదలెనని అనుటయే గాని, కొలువు ఆయనను వదలలేదు. కంపెనీలోని భాగస్వాములు పాత రైలు మిత్రులు. థామ్సన్, స్కాట్‌లకు కూడ వాటాలున్నవి. మొదటి బేరములు పెన్సిల్వేనియా రైల్వేవే. సెంట్ లూయీ నగరము వద్ద మిసిసిపీ మహానదిపై 1874లో పూర్తియైన గొప్ప వంతెన పైకట్టును ఈ కంపెనీయే నిర్మించెను.

వంతెనలకు ఇనుము కావలెను గనుక ఇనుప కార్ఖానాలో ప్రవేశించెను. అందు అడుగుపెట్టగానే ఆయనకు కలిగిన ఆశ్చర్యము ఇంతంత కాదు. ఏ సరకు తయారగుటకు ఎంత పడుచున్నదని అడిగిన ఒక్కడును చెప్పలేకపోయెను. ఏడాది చివర సరకు లెక్కించి, లాభము వచ్చిన సంతోషించుట, నష్టము వచ్చిన నిట్టూర్చుట; అంతే. ప్రతి కొలిమి దగ్గరను త్రాసులు పెట్టించి, లోనికి పోవు ముడిసరకును వెలికివచ్చు సరకును తూచి వ్రాయించెను. ఏ కొలిమి పనివాడు ఎంత ఇనుము వ్యర్థము చేయుచున్నాడో పేరుపేరున బయటపడెను. పాత మేస్త్రీలకు ఇది కిట్టలేదు. తూకము వేయువాని మీద ఎవరికి ప్రీతి యుండును?

1872లో ఇంగ్లండు పోయి బెస్సిమర్ పద్ధతిని ఉక్కు చేయుట చూచి వచ్చి, బ్రాడాక్ అను చోట పెద్ద ఉక్కు కార్ఖానాకు పూనుకొనెను. ఆ స్థలనిర్ణయములోనే రైలు గుమాస్తా కనబడుచున్నాడు. ఒక ప్రక్క పెన్సిల్వేనియా రైల్వే, మరియొక ప్రక్క బాల్టిమోర్-ఒహాయో రైల్వే, ఎదుట పడవలు తిరుగు మొనాంగహీలా నది. ఒకే రైలుదారి గల కార్ఖానాకు రైలువారు ఎంత కూలి చెప్పిన అంతయు చెల్లించవలెనని ఆయనకు లోపలినుండి తెలియును. ఆ కూలి వేసినవారిలో ఆయనయు ఒకడు గదా. కార్ఖానాకు పెట్టిన పేరు ఎడ్గార్ థామ్సన్ ఉక్కు కార్ఖానా. పాత యజమాని పేరు గౌరవార్థము పెట్టినాడా, పట్టాలు కొనువాడు గనుక పెట్టినాడా యని అడిగినచో, రెండును అని చెప్పుటయే న్యాయము. 1875లో పట్టాలు వెలువడెను. మొదటి బేరము, 2000 పట్టాలు, పెన్సిల్వేనియా రైల్వేదే.

ఆ కార్ఖానా లెక్కలకు విలియం షిన్ అను రైలు కంపెనీ అధికారిని తెచ్చెను. రైల్వేలో వాడుకలో నున్న ఓచరు పద్ధతిని షిన్ ఉక్కులోనికి దింపెను. ప్రతి శాఖయు తాను పుచ్చుకొన్న ఖనిజము, బొగ్గు, సున్నపురాయి, పెట్టిన కూలి వీని తూకమును వెలను వేరువేరుగ చీటీలపై వ్రాసి పంపవలెను. ఆ చీటీలనుండి టన్ను ఉక్కునకు పడిన ఖర్చు తేలును. కార్నెగీ న్యూయార్కులో నున్నను, స్కాట్లండులో నున్నను ఈ కాగితములు ఆయనను వెంబడించుచుండెను. గత నెలలో ఇంత పడిన బొగ్గు ఈ నెల అంతకు మించి ఏల పడినదని ప్రశ్న తిరుగు టపాలో వచ్చెడిది. లాభమును గూర్చి ఆయన ఎక్కువగా అడుగడు. ఖర్చు దిగిన లాభము దానంతట అదే వచ్చునని ఆయన నమ్మకము. ఇది రైలు కచేరీ నమ్మకమే. వెలలు పడిపోయిన రోజులలో తక్కినవారు కొలిములు ఆర్పి కూర్చుండగా, ఈయన తక్కువ వెలకు ఒప్పుకొని కార్ఖానాను నిండుగ నడిపెను. ఖాళీబండి నీతియే యిది. 1870 ప్రాంతమున టన్ను ఉక్కుపట్టాల వెల 100 డాలర్లకు పైబడి యుండగా, 1898 నాటికి 20 డాలర్ల లోపునకు దిగెను. ఇతరుల ప్రయత్నమును ఇందు కలదు, కాని ముందుండి నడిపినది ఈ కార్ఖానాయే.

కార్నెగీ ఒక్కడే పాత కొలువును వెంట తెచ్చుకొన్నవాడు కాడు. కార్ఖానాలో పని నడిపిన విలియం జోన్స్ జాన్స్‌టౌన్‌లోని కేంబ్రియా ఇనుప కార్ఖానా నుండి వచ్చినవాడు. వచ్చునప్పుడు అచటి నేర్పరులను పలువురిని తోడు తెచ్చెను. అందుచేత బ్రాడాక్‌లో లెక్క రైల్వేది, కొలిమి కేంబ్రియాది. జోన్స్ పనివారితో కలిసి తిరిగినవాడు. ఉక్కు కొలిమి దగ్గర పన్నెండు గంటలు మనిషి నిలువజాలడని వాదించి, ఎనిమిది గంటల పనిని కొంతకాలము అమలుచేయించెను. లెక్కలో అది అధికవ్యయముగా కనబడెను. పోటీ కంపెనీలు పన్నెండు గంటలే పనిచేయించుచున్నవని చెప్పి 1888లో తిరిగి పన్నెండు గంటలు పెట్టిరి. మరుసటి యేడు కొలిమి ప్రేలి జోన్స్ మరణించెను.

ఇక గురుశిష్యుల సంగతి. 1873లో అమెరికాలో బ్యాంకులు కూలినప్పుడు స్కాట్ టెక్సస్-పసిఫిక్ రైలుమార్గమునకై చేసిన అప్పులలో చిక్కుకొనెను. కార్నెగీని పిలిపించి హామీ చేవ్రాలు చేయుమని కోరెను. కార్నెగీ అప్పటికి తన ధనమంతయు బ్రాడాక్‌లో పెట్టియుండెను. చేవ్రాలు చేసిన కార్ఖానా మునుగును. చేయకున్న గురువు మునుగును. ఏకలవ్యుడు బొటనవ్రేలు కోసి యిచ్చెను. ఈ శిష్యుడు ఇయ్యలేదు. తనవారి డబ్బు ఇరువదిమందితో ముడిపడియున్నప్పుడు ఇతరుని అప్పునకు పూటపడుట తప్పని నేనును ఒప్పుకొందును. కాని తనను మనిషిని చేసినవాడు ఎదుట నిలిచి అడిగినప్పుడు లేదని చెప్పుట సులభమైన పని కాదు. దాని తరువాత ఆ స్నేహము మిగులలేదు. స్కాట్ 1881లో మరణించెను. తన జీవితములో మిక్కిలి బాధపెట్టిన ఘట్టములలో ఇది యొకటియని కార్నెగీ తరువాత వ్రాసికొనెను.

1883లో హోంస్టెడ్ అను చోటి ఉక్కు కార్ఖానాను కూడ కొనెను. అచటి పనివారి సంఘము బలమైనది. సంఘము పెట్టుకొనుట పనివారి హక్కని కార్నెగీ 1886లో పత్రికలలో వ్యాసములు వ్రాసియుండెను. ఆ వ్యాసములు చదివి నమ్మిన పనివారు కలరు. 1892లో ఒడంబడిక గడువు తీరినప్పుడు ఆయన స్కాట్లండులో నుండెను. కార్యభారము వహించిన హెన్రీ ఫ్రిక్ కూలి తగ్గింపునకు ఒప్పుకొననివారిని వెలుపల నుంచి తలుపులు మూసి, కార్ఖానా చుట్టును కంచె కట్టించి, 300 మంది కూలి సాయుధులను రాత్రివేళ పడవలపై రప్పించెను. జూలై 6వ తేదీన నదీతీరమున పగలంతయు కాల్పులు జరిగెను. ఇరుపక్షముల పదిమంది వరకు చనిపోయిరి. తరువాత రాష్ట్రసేన దిగెను, సంఘము విరిగెను. ఫ్రిక్ చేసినదానికి కార్నెగీ బాధ్యుడా యను వాదము నేటికిని కలదు. ముందుగా ఆయన ఆమోదము లేకుండ ఇది జరుగలేదని ఉత్తరముల వలన తెలియుచున్నది. రైలు కచేరీలో ఒక కమ్మరి చెప్పిన పేళ్ల పట్టిక యజమాని బల్లమీద పెట్టిన గుమాస్తాకు, పనివారి పొత్తు అనగా విరువవలసిన వస్తువని అప్పుడే తెలిసియుండెను. టన్ను ఉక్కునకు పడిన బొగ్గును తూచుటకు త్రాసు నేర్పిన కొలువు, మనిషి అలసటను తూచుటకు ఏ త్రాసును నేర్పలేదు. కూలి యను గడిలో అదియు ఒక సంఖ్యగానే పడెను.

1901లో జె. పి. మోర్గాన్ అను ధనపతికి కార్ఖానాలన్నిటిని 48 కోట్ల డాలర్లకు అమ్మివేసెను. ఆయన శిష్యులు పలుచోట్లకు చెదరిరి. రోజుకు ఒక డాలరు కూలికి చేరి అధ్యక్షుడైన చార్లెస్ ష్వాబ్ తరువాత బెత్లెహెం ఉక్కు కంపెనీని పెద్దచేసెను. కార్నెగీ కార్ఖానాలలో పనిచేసిన ఇంజనీరు జూలియన్ కెన్నెడీని జంషెడ్జీ టాటా 1902లో అమెరికా పోయినప్పుడు కలిసికొనెను. తరువాత మన దేశమున సాక్చిలో, అనగా నేటి జంషెడ్‌పూర్‌లో, లేచిన ఉక్కు కార్ఖానాకు కెన్నెడీ సంస్థయే నమూనాలు గీసెను. ఎందరో తెలుగువారు పొట్ట చేతపట్టుకొని పోయి స్థిరపడిన ఊరది. అచట 1912లోనే ఎనిమిది గంటల పనిదినము పెట్టిరి. కొలిమి నమూనా బ్రాడాక్ వంశముదైనను గడియారము దానిది కాలేదు. అమెరికాలో, కార్నెగీ అమ్మిన కార్ఖానాలలో, పన్నెండు గంటల పని 1923 వరకు పోలేదు.

అమ్మిన పిమ్మట ఆయన వృత్తి దానమే. పనివారి సహాయనిధికి 40 లక్షల డాలర్లు మొదట ఇచ్చెను. చనిపోవునప్పటికి మొత్తము సుమారు 35 కోట్ల డాలర్లు పంచెను. 1883లో పుట్టిన ఊరైన డన్ఫర్మ్‌లిన్‌లో మొదలైన గ్రంథాలయ దానమునకు ఒక నియమము కలదు. భవనమునకు మాత్రమే ధనమిచ్చును. స్థలము ఊరివారిది. ఇచ్చిన ధనములో పదియవ వంతు ఏటేట పన్నువేసి గ్రంథాలయమునకు ఖర్చుపెట్టెదమని పురపాలకులు వ్రాసియియ్యవలెను. జనసంఖ్య ఎంత, స్థలమున్నదా, పన్ను ఎంత వేయగలరు అని కార్యదర్శి జేమ్స్ బెర్ట్రాం పంపు ఫారములు నింపిన గాని పైసా రాలదు. దానములో కూడ ఓచరు పద్ధతియే! కొందరు దీనిని దాతకు తగని బేరమనిరి. నాకట్లు తోచదు. మన రాష్ట్రమున ఇంటిపన్నుతో కలిపి వసూలు చేయు గ్రంథాలయ సుంకము పెట్టినవారు ఎరిగిన సత్యమునే ఆయనయు ఎరిగెను. ఏటేట ఆదాయము లేని పుస్తకాలయమునకు చెదలే చదువరులు.

హోంస్టెడ్‌లో 1898న తెరచిన గ్రంథాలయము సుందరమైన భవనము. సంగీతశాల, ఈతకొలను కూడ గలది. పన్నెండు గంటలు కొలిమి ముందు నిలిచినవాడు ఆ మెట్లు ఎప్పుడెక్కవలెనని అచటి పనివారు అడిగెడివారు. కొన్ని పట్టణముల కార్మిక సంఘములు ఆ ధనము వలదని తీర్మానించినవి. కర్ణుని దానమును మెచ్చుకొనువారు అతడు నిలిచిన పక్షమును మరువరు. పక్షమును నిందించువారు దానమును కాదనరు. భారతము చదివినవారికి ఈ రెండు తలపులు ఒక్క మనస్సులో ఇముడుట కొత్త గాదు.

అల్లెఘెనీలో 1904న కల్నల్ ఆండర్సన్ పేర ఒక స్మారకచిహ్నము నిలిపించెను. అందు పని నాపి పుస్తకము చదువుకొనుచున్న కార్మికుని విగ్రహము కలదు. కార్నెగీ 1919 ఆగస్టు 11వ తేదీన మరణించెను. అంతకు ముందే, 1916లో, ఆయన నెలకొల్పిన సంస్థ గ్రంథాలయముల స్థితిని విచారింపుమని ఆల్విన్ జాన్సన్ అను పండితుని పంపెను. ఆయన ఊరూర తిరిగి చూచి, భవనములు లేచినంత వేగముగ మంచి పుస్తకములుగాని, శిక్షణ పొందిన గ్రంథపాలకులుగాని రాలేదనియు, ఇకమీదట ధనమును మనుష్యులను తయారుచేయుటకు పెట్టవలెననియు నివేదించెను. 1917 నుండి క్రొత్త భవనములకు దానము నిలిచిపోయెను. తరువాతి కాలమున ఆ ధనములో కొంత గ్రంథపాలకుల శిక్షణకు మళ్లెను.